క్యాబినెట్ల అంచున పాత నేలను కోసే రంపాలు: ఏది అద్దెకు, ఏది సొంతానికి

అమెరికాలో చాలా ఇళ్లలో చెక్క నేల వంటగది క్యాబినెట్ల కిందికి కూడా సాగి ఉంటుంది కనుక, క్యాబినెట్లను కదపకుండా దాన్ని తీయాలంటే వాటి అంచు వెంట కోయక తప్పదు. ఉన్న నేల మీదనే కొత్తది పరిచేద్దామనుకునేవారు ముందుగా డిష్‌వాషర్ సంగతి ఆలోచించాలి. దాని ముందు నేల ముప్పావు అంగుళం పెరిగిందంటే, రేపు అది పాడైన రోజున కౌంటర్ కింద నుంచి బయటికి లాగడం గగనమవుతుంది.

క్యాబినెట్ అడుగున మన పాదాల కోసం వదిలే గూడు సాధారణంగా మూడున్నర అంగుళాల ఎత్తు, మూడు అంగుళాల లోతు ఉంటుంది. ఏడుంపావు అంగుళాల బ్లేడు ఉండే మామూలు సర్క్యులర్ సా అందులో పట్టదు. ఆ ఇరుకు కోసమే చేసినది టో-కిక్ సా. వీటిలో పేరున్న క్రెయిన్ 795కు 3⅜ అంగుళాల బ్లేడు ఉంటుంది, అది గరిష్ఠంగా ముప్పావు అంగుళం లోతు కోస్తుంది. గట్టి చెక్క పలకల మందం కూడా మామూలుగా అంతే కాబట్టి, లోతును సరిగ్గా అమర్చుకుంటే కింది ప్లైవుడ్‌కు గాటు పడదు. తిన్నని వరుసలో దీనికి సాటి వచ్చే పనిముట్టు మరొకటి లేదని నా అభిప్రాయం. మా ఇంట్లో సింకు ముందున్న ఓక్ పలకలు గీత గీసినట్టు తెగాయి. అయితే చెవులు చిల్లులు పడే మోత, గదంతా కమ్మేసే పొట్టు, బ్లేడు బిగుసుకుంటే వెనక్కి తన్నే గుణం దీనికి ఉన్నాయి కనుక రెండు చేతులతో గట్టిగా పట్టుకోవాలి. ఇంటికి ఒక్కసారి పడే పనికి దీన్ని కొనడం దండగ, పనిముట్లు అద్దెకిచ్చే చోట తెచ్చుకుంటే చాలు.

గుండ్రటి బ్లేడు కావడం వల్ల ఇది మూల దాకా చేరదు. రెండు క్యాబినెట్ వరుసలు కలిసే చోట మిగిలిపోయే ఆ కాస్త పలకే మొత్తం పనిని ఆపేస్తుంది. అక్కడ కావలసింది ఆసిలేటింగ్ మల్టీటూల్. దీని బ్లేడు తిరగదు, అతి వేగంగా అటూ ఇటూ కదులుతుంది. ఫైన్ అనే జర్మనీ పనిముట్ల సంస్థ 1967లో ఈ పద్ధతిని వాడింది విరిగిన ఎముకలకు వేసిన పిండికట్టును చర్మం తెగకుండా కోయడానికి. చదునైన బ్లేడును నిటారుగా దించితే మూల శుభ్రంగా తెగుతుంది. బ్లేడు ఎంపికలో మాత్రం పొదుపు పనికిరాదు. చెక్కకు ఉద్దేశించిన చవక బ్లేడు పలకలో దాగిన స్టేపుల్‌కు తగిలిందంటే పళ్లు అరిగిపోతాయి. ఆపైన అది కోయడం మానేసి చెక్కను మాడుస్తుంది, సన్నని పొగ లేస్తుంది, కోత అంచు నల్లబడుతుంది. కార్బైడ్ పళ్ల బ్లేడు ఖరీదు ఎక్కువే అయినా మేకులను తట్టుకుంటుంది. స్టార్‌లాక్ అనే రకం బిగింపు ఉన్న బ్లేడ్లు అన్ని యంత్రాలకూ సరిపోవు కాబట్టి కొనేముందే చూసుకోవాలి. మల్టీటూల్ ఒక్కదానితోనే వంటగదంతా కోయవచ్చు గానీ, పని నత్తనడక నడుస్తుంది, గీత వంకరపోతుంది. ఇంట్లో ఇంకా పది పనులకు అక్కరకొస్తుంది కాబట్టి దీన్ని కొనుక్కోవడమే మేలు.

కోత అయ్యాక పలకలను పెకలించడానికి బల్లపరుపు గడ్డపార సరిపోతుంది, కాకపోతే దాన్ని క్యాబినెట్‌కు ఆనించి ఎత్తకూడదు.

1980కి ముందు కట్టిన ఇంట్లో తొమ్మిది అంగుళాల చదరపు వినైల్ టైళ్లు గానీ, వాటి అడుగున నల్లటి జిగురు గానీ కనబడితే పై రంపాలేవీ వాడకూడదు. వాటిలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. కోస్తే ఆ నూగు గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. ముందుగా నమూనాను ప్రయోగశాలలో పరీక్ష చేయించి, ఉందని తేలితే లైసెన్సు ఉన్నవారికే ఆ పనిని అప్పగించాలి.