తాతల నాటి సందుగకు ఏ పాలిష్ మేలు?

నల్లగొండ, దేవరకొండ, వనపర్తి వైపు పాత ఇల్లు విప్పుతున్నారంటే అటక మీది నుంచో గుమ్మి వెనక నుంచో ఒక టేకు సందుగ బయటపడుతుంది. ఇత్తడి గొళ్లెం, మూలలకు ఇనుప పట్టీలు, రెండు పక్కలా మోయడానికి కడియాలు. కాపురానికి పోయే ఆడబిడ్డ వెంట ఎడ్లబండి ఎక్కిన పెట్టె అది. బాగుచేయిద్దామని వడ్లాయనను పిలిస్తే మొదట వినపడే మాట: "పీయూ కొడదాం సార్, అద్దం లెక్క మెరుస్తది."

పీయూ అంటే పాలీయురేథేన్, చెక్క మీద ప్లాస్టిక్ లాంటి గట్టి పొర వేసే పాలిష్. తొందరపడి సరే అనకండి. ముందు పెట్టె అడుగున, కనపడని మూల, స్పిరిట్‌లో ముంచిన దూదితో రుద్ది చూడండి. దూదికి గోధుమరంగు అంటి, చెక్క జిగటగా అయితే దాని మీద ఉన్నది లక్క పాలిష్, అంటే స్పిరిట్‌లో లక్క కరిగించి పూసేది. అలాంటి పెట్టెకు మళ్లీ లక్కే వేయించాలని నా గట్టి అభిప్రాయం. కొత్త లక్కలోని స్పిరిట్ పాత పొరను కొంచెం కరిగించి, రెంటినీ ఒకటి చేస్తుంది. గీత పడ్డచోట మాత్రమే దిద్దుకోవచ్చు, పాతది గీకే పని లేదు.

పీయూకు అలా కుదరదు. అది పట్టాలంటే పాత పొరంతా ఎమరీ పేపర్‌తో తీసేయాలి. దాంతో చెక్కకు ఏళ్ల తరబడి పట్టిన ముదురు రంగు పోతుంది, మూత లోపలి అంచున వేళ్లకు తగిలే బాడిస దెబ్బలూ పోతాయి. పెట్టెను చేసినవాడి చెయ్యి కనపడేది అక్కడే. అవి ఒకసారి పోతే ఎవరూ తెచ్చివ్వలేరు. పైగా రేపు పీయూ పెచ్చులూడితే మళ్లీ మొత్తం గీకాల్సిందే.

లక్కకూ లోపాలున్నాయి. తడి గ్లాసు పెడితే తెల్లటి వలయం పడుతుంది, వేడి గిన్నె పెడితే మెత్తబడి మచ్చవుతుంది. సందుగను హాల్లో టీపాయ్‌గా వాడాలనుకునేవాళ్లు పీయూ అడిగేది ఇందుకే. నేనైతే లక్క వేయించి పైన ఒక గాజు పలక పరిపిస్తాను. ముసురు పట్టిన రోజుల్లో మాత్రం లక్క పని పెట్టుకోవద్దు, గాలిలో తేమకు పొర తెల్లబారుతుంది. మన ఎండాకాలం పొద్దుటి పూట, నీడలో, పలచగా పొర మీద పొర వేయిస్తే చక్కగా ఆరుతుంది. పాతబడ్డ లక్క ద్రావణం సరిగా ఆరదు కాబట్టి అప్పటికప్పుడు కలపమనండి.

ఇక అవిసె నూనె. పాలిష్ అసలే లేక ఎండి బీటలిచ్చిన పెట్టె బయటి వైపుకు మంచిదే, చెక్క పోగులు నిండుగా కనపడతాయి. లోపల మాత్రం వద్దే వద్దు. మూత మూసి ఉంచితే నూనె ఆరక ముక్క వాసన పడుతుంది, గద్వాల చీర పెడితే మరకవుతుంది. లోపలి వైపు పొడిబట్టతో తుడిచి వదిలేయండి. పాత వాసన పోకపోతే ఒక పొర లక్క చాలు, వాసనను అడుగునే పట్టేస్తుంది. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి ఆరేయాలి.

ఏ పాలిష్ వేయించినా ముందు పుచ్చు చూసుకోవాలి. సన్నటి రంధ్రాల కింద పిండిలాంటి పొడి కొత్తగా రాలుతుంటే పురుగు బతికే ఉంది. టేకు చేవను, అంటే లోపలి గట్టి చెక్కను, అది అంతగా ముట్టదు, పక్కన వాడిన తెల్లచెక్కనే తింటుంది. మందు పెట్టించి, పొడి రాలడం ఆగిందని చూసుకున్నాకే వడ్లాయనను పాలిష్‌కు పిలవండి.