క్రాకోవ్ వెళ్లొచ్చాం, ముంగిసమ్మాయిని చూడ్డానికి

బెర్లిన్ లో మా ఇంటికొచ్చిన అమ్మానాన్నల్ని మొన్న పారిస్ తీసుకెళ్లి మోనాలిసా చూపించా, అంటే చూపించాననుకున్నా, అమ్మకి కనిపించింది మాత్రం జనం పైకెత్తి పట్టుకున్న ఫోన్లే. అందుకే ఈసారి పోలండ్ లో క్రాకోవ్ వెళ్లాం. అక్కడా డావిన్చీ వేసిన ఒకమ్మాయి బొమ్మ ఉంది, లేడీ విత్ యాన్ ఎర్మిన్, ఓల్డ్ టౌన్ లో ఫ్లోరియన్ గేట్ దగ్గర చార్టోరిస్కీ మ్యూజియంలో.

ఆన్‌లైన్ లో పొద్దున్నే స్లాట్ తీసుకున్నా. మేం వెళ్లేసరికి మేం ముగ్గురం, ఇంకో జంట, అంతే. బొమ్మ చిన్నదే, 54 బై 39 సెంటీమీటర్లు, వాల్‌నట్ చెక్క మీద 1490 ప్రాంతంలో వేశాడు. అమ్మ కాసేపు చూసి "పిల్ల బంగారంలా ఉంది గానీ చేతిలో ఆ ముంగిసేంట్రా?" అంది. ముంగిస కాదమ్మా, ఎర్మిన్, చలికాలంలో తెల్లబడే జంతువు అన్నా. ఇంతకీ ఎవరీ అమ్మాయి అంటే చెచీలియా గల్లెరాని అని, మిలాన్ ని ఏలిన లుదోవికో స్ఫోర్జా... అని నేను నసుగుతుంటే నాన్న "అర్థమైందిలే" అన్నారు. ఆ ఎర్మిన్ కూడా ఆయన బిరుదుకి గుర్తే. తర్వాత ఈమె ఒక కౌంట్ ని పెళ్లాడి దొరసాని అయింది. 1498లో మాంటువా దొరసాని ఇసబెల్లా దెస్తే ఈ బొమ్మని ఒకసారి చూస్తాను పంపమని అడిగితే పంపుతా గానీ నేనిప్పుడు అలా లేను, అది బాగా చిన్నప్పుడు వేసింది అని జవాబు రాసింది. "నా పెళ్లి ఫొటో అడిగితే నేనూ అదే అంటా" అని అమ్మ.

ఒక్కటే నచ్చలేదు, వెనకున్న ఆ చిక్కటి నలుపు. అది డావిన్చీది కాదు, తర్వాతెవరో పూశారు. కానీ ఆ చెయ్యి చూడండి, వేళ్ల ఎముకలు కూడా తెలుస్తాయి.

నాన్న మాత్రం అక్కడే ఉన్న ఖాళీ ఫ్రేమ్ దగ్గర ఎక్కువసేపు నిలబడ్డారు. రాఫెల్ వేసిన కుర్రాడి బొమ్మది. నాజీలు రెండూ ఎత్తుకుపోతే ఈమె 1946లో వెనక్కొచ్చింది, అతను ఇప్పటికీ రాలేదు.

ఇక బస సంగతి. మెయిన్ స్క్వేర్ పక్కన అపార్ట్‌మెంట్ చూడ్డానికి భలే ఉంది, కానీ నాలుగో అంతస్తు, లిఫ్ట్ లేదు, ఆ విషయం బుకింగ్ లో ఎక్కడా రాయలేదు. పైగా సెయింట్ మేరీస్ చర్చి మీంచి గంటగంటకీ బూర ఊదుతారు, రాత్రిళ్లు కూడా. పగలు ముచ్చటగా ఉంటుంది, రాత్రి మూడింటికి కాదు. మర్నాడు కజిమియెష్ అనే పేట వైపు హోటల్ కి మారాం, కాస్త నడవాలి గానీ నిద్ర పట్టింది, పెద్దవాళ్లతో వెళ్తే అక్కడే దిగండి.

తిండికి పియెరోగి రుస్కియే, లోపల ఆలుగడ్డ, చీజ్ పెట్టి ఉడికించిన కజ్జికాయలనుకోండి. పైన పంది మాంసం ముక్కలు చల్లుతారు, వద్దని ముందే చెప్పాలి. అమ్మ కందిపొడి వేసుకుని తింది. ఊరి దగ్గరున్న వియెలిచ్కా ఉప్పు గని టూర్ లో 800 మెట్లు అన్నారు, మోకాళ్లు గుర్తొచ్చి మానేశాం.

మ్యూజియం సోమవారం ఉండదు, చూసుకుని టికెట్లు తీసుకోండి.