అవుట్‌రన్: ఎడమా కుడా తేల్చుకునే ఆ క్షణం

సెగా సంస్థ తీసిన కారు నడిపే వీడియో గేమ్ అవుట్‌రన్‌లో నన్ను ఇన్నేళ్లుగా కట్టిపడేస్తున్నది ఎర్ర కారు కాదు, అందరూ పొగిడే సంగీతమూ కాదు. దశ ముగిసే ముందు రోడ్డు రెండుగా చీలే ఆ చోటు. వేగం తగ్గించకుండానే ఎటు వెళ్లాలో తేల్చుకోవాలి. ఆట ఆగదు, ఏ ప్రశ్నా అడగదు. ఎడమ దారులు కాస్త సులువు, కుడివైపువి కఠినం. 1986లో ఆట రూపకర్త యు సుజుకి బృందం ఈ చీలికను చదునైన బొమ్మలను పెంచుతూ తగ్గిస్తూనే సాధించింది. రోడ్డును గీసే చిప్ ఒకేసారి రెండు రోడ్లు చూపగలిగేది. 2003 నాటి అవుట్‌రన్ 2 కూడా ఈ చీలికను వదులుకోలేదు.

నేను ఆడుతున్నది సెగా ఏజెస్ రూపం, అంటే సెగా తన పాత ఆటలను కొత్త కన్సోళ్ల కోసం తిరిగి విడుదల చేసిన వరుసలోనిది. కొన్నాళ్లకు నా కన్సోల్‌లో కారును తిప్పే ఎడమ స్టిక్ (బొటనవేలితో నెట్టే చిన్న పుల్ల) పాడైంది. వేలు తీసేసినా కారు ఎడమకు జారేది. తిన్నని రోడ్డు మీద ఎలాగో సర్దుకునేవాణ్ణి. చీలిక దగ్గర మాత్రం కుడికి నెట్టేలోపే ఆలస్యమయ్యేది. కారు మధ్యలో దేన్నో గుద్ది పల్టీ కొట్టేది, లేదా ఎడమ దారిలోకి వెళ్లిపోయేది. ఎలా బయలుదేరినా చివరికి అన్నీ ఎడమ దారులే పట్టినవారు చేరే వైన్‌యార్డ్‌లోనే తేలేవాణ్ణి. పదిహేను ప్రాంతాల ఆట నాకు ఐదింటికి కుంచించుకుపోయింది. ఎంత కోపం వచ్చిందో! మరమ్మతు దుకాణంలో శుభ్రం చేసి ఇచ్చారు, త్వరలోనే మళ్లీ అదే జబ్బు. స్టిక్‌నే మార్పించాక డెవిల్స్ కాన్యన్ మీదుగా, కుడి దారులే పట్టి కుడి చివరి గమ్యమైన లేక్‌సైడ్ చేరాను. మొదటిసారి ఆట ముగించినప్పుడు కూడా అంత ఆనందం కలగలేదు.

సెకనుకు 60 ఫ్రేముల నునుపుదనాన్ని మొదట్లో మిత్రుల దగ్గర తెగ మెచ్చుకున్నాను. ఇప్పటికీ అది నచ్చుతుంది. కాకపోతే ఈ ఆట పుట్టింది స్టీరింగ్, పెడళ్లు, కదిలే సీటు ఉన్న యంత్రం కోసం. బొటనవేలికి మలుపు బరువు తెలియదు.

పిల్లలు నిద్రపోయాక నాకు మిగిలేది కాసేపే. ఒక ప్రయాణం ఆరు నిమిషాలకు అటూ ఇటూగా ముగుస్తుంది కాబట్టి నాకు సరిపోయింది. ఇక్కడ మిగతా కార్లు పోటీదారులు కావు, దారిన పోయేవి మాత్రమే. ప్రత్యర్థి ఉంటేనే హుషారు వచ్చేవారికి, గంటల తరబడి ఆడే తీరిక ఉన్నవారికి కొనమని గట్టిగా చెప్పలేను. కొంటే తగ్గింపు ధరలో కొనండి, ఆడే ముందు స్టిక్ ఒకసారి సరిచూసుకోండి.