మిర్చి యార్డులో మడత ఫోన్: ఏళ్లు వాడాక నా లెక్క

పుస్తకంలా తెరుచుకునే ఈ ఫోన్ చేతిలో చూసినవాళ్లు అడిగేది ఒకటే: "సార్, గిది రోజూ మడుస్తుంటే ఇరుగదా?" విరగలేదు. 2023లో వచ్చిన మోడల్, అప్పటి నుంచి నా రోజువారీ ఫోన్ ఇదే. అయితే విరగకపోవడం వేరు, పెట్టిన డబ్బుకు పని చేయడం వేరు. కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పేవాటిలో చాలా మట్టుకు ఈ రకం ఫోన్లన్నిటికీ వర్తిస్తాయి.

వరంగల్‌లో జీఎస్టీ, ఇన్‌కంట్యాక్స్ పనులు చూస్తుంటాను. క్లయింట్లలో ఎక్కువ మంది ఎనుమాముల మార్కెట్ అడ్తిదారులు, అంటే రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే సేట్లు. ఆఫీసులో కంప్యూటర్ ఉంటుంది కాబట్టి అక్కడ ఏ ఫోన్ అయినా ఒకటే. కానీ సీజన్ మొదలైతే సేటు ఆఫీసుకు రాడు, మనమే యార్డుకు పోవాలి. బస్తాల మధ్య నిలబడి, ఆయన వాట్సాప్‌లో పంపిన తక్‌పట్టీల (సరుకు అమ్మిన చీటీల) ఫొటోలు ఒకవైపు, మన ఎక్సెల్ షీటు ఇంకోవైపు పెట్టుకుని చూడాలి. మామూలు ఫోన్‌లో ఒక అంకె చూసి రెండో యాప్‌లోకి పోయేలోపు పక్కన కాంటా వేసే దడ్వాయి అరిచే తూకం చెవిన పడి మన అంకె ఎగిరిపోతుంది. దీంట్లో రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. 20వ తేదీ, అంటే నెలవారీ జీఎస్టీ రిటర్న్ జీఎస్టీఆర్-3బీ గడువు, దగ్గర పడ్డాక "ఆ బిల్లు మీద కట్టిన పన్నుకు క్రెడిట్ ఎందుకు రాలే?" అని సేటు గట్టిగా అడిగితే, అక్కడే 2బీ (అమ్మినవాళ్లు ఎక్కించిన బిల్లుల జాబితా) తెరిచి, అమ్మినాయన ఆ బిల్లు ఎక్కించనే లేదని వేలు పెట్టి చూపిస్తా. వాదన అక్కడితో సరి. నా వరకు ఈ ఫోన్ విలువలో ముప్పాతిక వంతు ఈ ఒక్క పనిలోనే ఉంది.

మరి టాబ్లెట్ కొనుక్కోవచ్చు కదా అంటారు. ధర ప్రకారం చూస్తే అదే తెలివైన పని. 2023లో ఈ రకం ఫోన్లు మన దగ్గర లక్షా నలభై, లక్షా యాభై వేల దగ్గర అమ్మారు. అందులో సగం డబ్బుకే మంచి ఫోన్, దానికి తోడు ఒక టాబ్లెట్ వస్తాయి. కానీ టాబ్లెట్ బ్యాగులో ఉంటుంది, బ్యాగు కారులో ఉంటుంది, కారు మార్కెట్ గేటు బయట ఉంటుంది. నాకు జేబులోంచి తీసేది కావాలి. కాజీపేటలో గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సీటు దొరకనప్పుడు కూడా ఇంతే. ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో పది పేజీల నోటీసు జూమ్ చేయకుండా చదివేస్తాను.

సినిమాల కోసం మాత్రం కొనకండి. లోపలి తెర దాదాపు చతురస్రం, సినిమా అడ్డంగా పొడుగు. బొమ్మ కాస్త పెద్దది అవుతుంది గానీ పైనా కిందా నల్ల పట్టీలే. కెమెరా, బ్యాటరీ ఇదే ధర మామూలు ఫోన్లతో పోలిస్తే ఒక మెట్టు కిందే. రోజంతా యార్డులో తెరిచి వాడితే సాయంత్రానికి చార్జర్ వెతుక్కోవాల్సిందే. బరువు పావు కిలో అటూ ఇటూ, చొక్కా జేబు కిందికి లాగుతుంది. బయటి తెర సన్నం కావడంతో తెలుగు టైప్ చేస్తే ఒత్తులన్నీ తప్పులే. ఈ మధ్య వచ్చినవి బాగా సన్నబడ్డాయి. 2025లో వచ్చిన శాంసంగ్ ఫోల్డ్ 7 బరువు 215 గ్రాములే.

మధ్యలో గీత గురించి జనం చేసే గోల నాకు అర్థం కాదు. మొదట్లో కనిపించింది, తర్వాత కళ్లు పట్టించుకోవడం మానేశాయి. అసలు సమస్య ఆ గీత మీద ఉండే ఫిల్మ్.

ఈ ఫోన్ల లోపలి అద్దం వెంట్రుక కంటే సన్నం, అందుకే వంగుతుంది. దాని మీద ఒక ప్లాస్టిక్ పొర అంటించే వస్తుంది. మామూలు స్క్రీన్‌గార్డ్ అనుకుని అది పీకకూడదు. 2019లో శాంసంగ్ మొదటి ఫోల్డ్ విడుదలకు ముందే తెరలు పాడైన కేసుల్లో కొన్ని ఈ పొర పీకినవే. ఆ గొడవతో ఏప్రిల్‌లో రావాల్సిన ఫోన్ సెప్టెంబర్‌కు పోయింది. నా ఫోన్‌లో ఆ పొర వారంటీ అయిపోయాక మడత దగ్గర లేవడం మొదలైంది. ముందు సన్నటి బుడగ, తర్వాత గీత పొడుగునా. ఇక్కడి సర్వీస్ సెంటర్లో అడిగితే మార్చే మిషన్ తమ దగ్గర లేదు, హైదరాబాద్ పంపాలి అన్నారు. పంపే ముందు ఒక కాగితం మీద సంతకం కూడా పెట్టించుకున్నారు: పొర తీసేటప్పుడు తెర పోతే బాధ్యత నాదేనట! లోపలి తెర మార్చాల్సి వస్తే ఎంత అని అడిగాను. వాళ్లు చెప్పిన డబ్బుకు ఇంకో మంచి ఫోన్ వస్తుంది. అదృష్టం, తెర పోలేదు.

ఇక దుమ్ము. మన ప్రాంతం వాళ్లు అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే. ఐపీ అంటే ఫోన్ దుమ్మును, నీళ్లను ఎంత ఆపుతుందో చెప్పే రేటింగ్. పెట్టె మీద ఐపీఎక్స్8 అని ఉంటే 8 నీళ్లకు. ఎక్స్ ఉన్నది దుమ్ము అంకె ఉండాల్సిన చోట, అంటే దుమ్ముకు రేటింగ్ లేదని. 2024 నుంచి కొన్నిటికి ఐపీ48 వచ్చింది. ఆ 4 ఆపేది ఒక మిల్లీమీటరు, అంతకంటే పెద్ద రేణువులనే. తేజ మిర్చి బస్తా విప్పినప్పుడు లేచే పొడి అంతకంటే ఎంతో చిన్నది. పత్తి నూగు హింజ్ (మడత కీలు) పక్కన సందులో చేరితే మెత్తటి బ్రష్‌తో తీస్తాను, మిర్చి పొడి కనిపించదు కాబట్టి తీయలేను. ఒక సీజన్ తర్వాత తెరిచినప్పుడల్లా కరకరమనే చిన్న చప్పుడు మొదలైంది, ఇప్పటికీ ఉంది. మేడారం పోయినప్పుడు దీన్ని ఇంట్లోనే పెట్టి పాత ఫోన్ పట్టుకుపోయాను. 2025లో గూగుల్ పిక్సెల్ 10 ప్రో ఫోల్డ్ ఐపీ68తో వచ్చింది, మడత ఫోన్లలో దుమ్ముకు పూర్తి రేటింగ్ తెచ్చుకున్న మొదటిది అదే. నేను మళ్లీ కొంటే ఆ మొదటి అంకె 6 లేని ఫోన్ ముట్టుకోను.

పౌడర్ డబ్బాలా పైసగం కిందికి మడిచే చిన్న ఫ్లిప్ ఫోన్లయితే నా దృష్టిలో షోకే. తెరిస్తే మామూలు ఫోనే, కొత్త పని ఏదీ చేయదు. ఫోన్ కింద పెట్టి సెల్ఫీ దిగొచ్చు, అంతే. మా మేనకోడలు దీనికి ఒప్పుకోదు, అది వేరే సంగతి.

పంటచేలకు, సైట్లకు, మిల్లులకు తిరిగేవాళ్లు ఇప్పుడున్న మోడళ్లలో చాలావాటికి దూరంగా ఉండటమే మంచిది. రోజూ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూసే పని ఉన్న వకీళ్లకు, ఆడిటర్లకు, ఇంజినీర్లకు ఇది పనిముట్టు. కొత్తది కొంటే లోపలి తెరకు వర్తించే ప్రొటెక్షన్ ప్లాన్ కూడా కలిపే లెక్క వేసుకోండి. పాతది సగం ధరకు దొరుకుతుందని ఆశపడితే మాత్రం, కొనే ముందు తెర నిండా తెల్లబొమ్మ పెట్టి మడత పొడుగునా చుక్కలు, గీతలు ఉన్నాయేమో చూడండి. టేబుల్ మీద పూర్తిగా బల్లపరుపుగా తెరుచుకుంటుందా, మడత మీద వేలితో గీస్తే టచ్ ఎక్కడైనా తెగుతుందా అన్నదీ చూసి, చివరగా నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఒకసారి తెరిచి మూసి చెవి పెట్టండి.