లేనివాటి స్టాంపులు: ఉన్నప్పుడు వేసినవి మేలా, పోయాక వేసినవా?

ఇప్పుడు లోకంలో లేని జంతువులు, కట్టడాలు, వస్తువుల బొమ్మలున్న స్టాంపులే పోగుచేయాలని విజయనగరంలో డిగ్రీ చదువుతున్న మా మేనల్లుడు నిర్ణయించుకున్నాడు. "మావయ్యా, డోడో సెట్లు కొననా, పాత అణాల స్టాంపులు కొననా? ఉన్న డబ్బులకి ఏదో ఒకటే వస్తుంది" అన్నాడు. మంచి ప్రశ్న. పైకి రెండూ ఒకే రకంగా కనిపిస్తాయి గానీ, వాటి మధ్య చాలా తేడా ఉంది.

మొదటి రకం స్టాంపు వచ్చేసరికి ఆ వస్తువు పోయి చాలా కాలమవుతుంది. మారిషస్ డోడో అలాంటిదే. ఆ పక్షి 17వ శతాబ్దం దాటి బతకలేదు, స్టాంపు మాత్రం 20వ శతాబ్దంలో వచ్చింది. 1981లో ఆస్ట్రేలియా వేసిన 24 సెంట్ల థైలసీన్ (టాస్మేనియా పులి అని పిలిచే చారల జంతువు) స్టాంపూ అంతే. బందిఖానాలో ఉన్న ఆఖరి థైలసీన్ 1936లో హోబర్ట్ జూలో చనిపోయింది. రెండో రకం, ఆ వస్తువు ఇంకా పనిచేస్తుండగానే వచ్చిన స్టాంపు. వేసినవాళ్లకి అది రేపు ఉండదని తెలియదు. బామియాన్ బుద్ధ విగ్రహాలను 2001 మార్చిలో పేల్చేశారు. వాటి బొమ్మతో అఫ్గానిస్థాన్ స్టాంపులు అంతకు ఎన్నో ఏళ్ల ముందే తపాలాలో తిరిగాయి. బ్రిటన్ కాంకార్డ్ స్టాంపులు 1969లో, ఆ విమానం మొదటిసారి ఎగిరిన ఏడే వచ్చాయి. 2003 తర్వాత అది మళ్లీ ఎగరలేదు.

నా ఓటు రెండో రకానికే. విజయనగరం మూడు లాంతర్ల స్తంభాన్ని 2020లో కూల్చినప్పుడు ఎంత బాధపడ్డామో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. అది నిలబడి ఉండగా, కింద జనం తిరుగుతుండగా తీసిన ఫోటో ఒక ఎత్తు, పోయాక గుర్తుగా గీసిన బొమ్మ ఒక ఎత్తు. మొదటిది సాక్ష్యం, రెండోది నివాళి. నివాళి కూడా కావాల్సిందే. కానీ డబ్బు తక్కువ ఉన్నప్పుడు సాక్ష్యమే ముందు కొనాలి.

మన దేశంలో ఇలాంటి సాక్ష్యానికి 1937 ఆరో జార్జ్ సిరీస్‌ను మించింది నాకు తెలియదు. రెండణాల దాని మీద టపా రన్నర్, రెండున్నర అణాల మీద ఎద్దుబండి, మూడణాల మీద టాంగా, మూడున్నర మీద ఒంటె. ఆ పైన రైలు, స్టీమరు, లారీ, విమానం. అప్పట్లో టపా ఎన్ని రకాలుగా నడిచేదో అంతా ఒకే సిరీస్‌లో చూపించారు. ఆ రెండణాల స్టాంపును భూతద్దం కింద ఒక్కసారి చూడండి. ఎర్ర సిరా, సన్నటి గీతలు, ఉత్తరాల సంచితో పరుగెడుతున్న మనిషి, పక్కన రాజుగారి తల. ఇవాళ అణా లేదు, ఆ రాజు లేడు, ఆ రన్నరూ దాదాపు లేడు. పైన చికాకోల్ (శ్రీకాకుళం) అనో విజగపటం (విశాఖపట్నం) అనో పాత ఇంగ్లీషు స్పెల్లింగ్‌తో మన జిల్లాల పోస్టు ముద్ర కూడా పడి ఉంటే, ఆ పేరూ ఇప్పుడు వాడుకలో లేదు. మ్యూజియంలో దొరకనిది అరచేతిలో పడ్డట్టే. ఈ అణాల స్టాంపులు వాడినవైతే తేలిగ్గానే దొరుకుతాయి. అదే సిరీస్‌లో రాజుగారి బొమ్మ ఒక్కటే ఉన్న 25 రూపాయల దాని జోలికి వెళ్లకండి. అది ఖరీదు, పైగా మనకి పనికొచ్చే బొమ్మ కాదు.

తర్వాత 1953 టెలిగ్రాఫ్ శతాబ్ది జత. 1851, 1951 నాటి తంతి స్తంభాలు దాని మీద ఉంటాయి. టెలిగ్రామ్ 2013 జూలైలో ఆగిపోయింది. మా తరంలో తంతి వచ్చిందంటే ఇంట్లో టెన్షనే. 1976 రైలింజన్ల నాలుగు స్టాంపుల సెట్టులో మాత్రం రెండు రకాలూ కలిసి వస్తాయి. 1853 నాటి ఇంజను అప్పటికే చరిత్ర, డబ్ల్యూపీ రకం ఆవిరి ఇంజను అప్పటికి ఇంకా పెద్ద లైన్ల మీద ఎక్స్‌ప్రెస్‌లు లాగుతోంది. నౌపడ–గుణుపూరు చిన్నబండి ఎక్కినవాళ్లకి ఇందులో నేరో గేజ్ లేదని వెలితిగానే ఉంటుంది. 2004లో ఆ బండి ఆగిపోయి, తర్వాత లైను బ్రాడ్ గేజ్ అయింది.

మరి డోడో సెట్లు ఎందుకు వద్దంటున్నానంటే, వాటికి అంతు లేదు. అంతరించిన జంతువులు, డైనోసార్లు వేసి కలెక్టర్లకి అమ్ముకోవడానికే స్టాంపులు దింపిన దేశాలు బోలెడు. కొన్ని ప్రెస్‌లోనే పోస్టు ముద్ర వేయించుకుని వస్తాయి. ఏ ఉత్తరం మీదా తిరగవు. పిల్లలకి రంగులు చూపించి ఆసక్తి కలిగించాలంటే మాత్రం అవే మంచివి.

మన వాతావరణం మాట కూడా చెప్పాలి. కళింగపట్నం వైపైనా, భోగాపురం వైపైనా సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. జిగురుతో ఉన్న కొత్త స్టాంపులు వానాకాలంలో ఆల్బమ్‌కి అతుక్కుపోతాయి, గోధుమరంగు మచ్చలు పడతాయి. నీళ్లలో నానబెట్టి, కాగితం ఊడదీసి, ఆరబెట్టిన వాడిన స్టాంపుకి ఆ జిగురు బెడద ఉండదు. ఆ లెక్కనా వాడినవే నయం. అయితే 1994 నీటిపక్షుల సెట్టుని నీళ్లలో వేయకండి. దాని రంగు కరిగిపోతుంది. అందులో ఉన్న గులాబీతల బాతు 1949 తర్వాత కచ్చితంగా కనబడిన దాఖలా లేదు.

"పోయింది" అని రాసేముందు ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. కలివికోడి అనే పక్షి 1900 తర్వాత కనబడక, ఇక లేదనుకున్నారు. 1986లో కడప జిల్లాలో దొరికింది, 1988లో దాని మీద స్టాంపు వచ్చింది. అది మీ దగ్గర ఉంటే వేరే పేజీలో పెట్టండి.

మావాడికి చెప్పింది ఇదే: ముందు రెండణాల రన్నర్, తర్వాత తంతి జత, ఆ తర్వాత రైలింజన్లు. ఇవి కుదిరాక థైలసీన్ ఒకటి, డోడో ఒకటి చాలు. ప్రతి స్టాంపు కింద పెన్సిల్‌తో రెండు సంవత్సరాలు రాసుకోవాలి, స్టాంపు వచ్చింది ఎప్పుడు, ఆ వస్తువు పోయింది ఎప్పుడు అని. స్టాంపు ముందు వచ్చి ఉంటే ఎడమ పేజీ, తర్వాత వచ్చి ఉంటే కుడి పేజీ.