రాజ్మా బ్రౌనీ నేర్చుకోవడానికి 2,800 కట్టొచ్చాను

మియాపూర్ వైపు ఒక అపార్ట్‌మెంట్లో ఆదివారాలు జరిగే ‘మైదా లేదు, పంచదార లేదు’ బేకింగ్ క్లాస్‌కి పోయిన నెల వెళ్లొచ్చాను. పేరు రాయడం లేదు, ఎందుకంటే నాకు నేర్పిన ఆవిడ మీద కోపం లేదు, ఆవిడ పెట్టుకున్న బోర్డు మీదే ఉంది. ఫీజు 2,800. ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా, నాలుగు రకాలు, భోజనం మనమే తెచ్చుకోవాలి.

పదమూడు మందిమి, ఓవెన్ ఒకటి. ఒక్కో ట్రే లోపలికి వెళ్లిన ప్రతిసారీ అరగంట ఖాళీ. మధ్యాహ్నం దాటాక మేమందరం పెళ్లిలో రెండో బంతి కోసం ఎదురుచూసే వాళ్లలా దాని వైపే చూస్తూ కూర్చున్నాం.

ముందు మంచి చెప్తాను. రాజ్మా బ్రౌనీ. ఉడికించిన రాజ్మాతో బ్రౌనీ అనగానే పక్కావిడ, “మా ఇంట్లో కూరలో వేస్తేనే తినరండీ” అంది, నాకూ నవ్వొచ్చింది. అందులో పిండి అసలు లేదు, మైదా కాదు కదా గోధుమ పిండి కూడా లేదు. మెత్తగా ఉడికిన రాజ్మాని గుడ్లు, నూనెతో కలిపి మిక్సీలో వెన్నలా అయ్యేదాకా తిప్పి, కోకో, బెల్లం వేసి ట్రేలో పోయడమే. కేక్ అయితే పొంగాలి, పట్టు ఉండాలి కాబట్టి గోధుమలోని సాగే గుణం కావాలి, బ్రౌనీ ఎటూ పొంగక్కర్లేదు కాబట్టి ఆ లోటు తెలియదు, గుడ్డు, రాజ్మాలోని పిండిపదార్థం కలిసి ముక్కని పట్టి ఉంచుతాయి. అర చెంచా ఇన్‌స్టంట్ కాఫీ పొడి వేస్తే గింజ వాసన చాలా వరకు పోతుంది. వేడిగా తిన్నప్పుడు మాత్రం ఎక్కడో లీలగా తగిలింది. మిగిలిన ముక్కని ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు తింటే వాసన మచ్చుకైనా లేదు, కోవాలా ముద్దగా, చల్లగా ఉంది. పైన పగుళ్లు తేలి మెరిసే ఆ పల్చటి పొర మాత్రం ఆశించకండి, అది పంచదార బ్రౌనీలకే బాగా వస్తుంది.

రెండోది రాగి, చిలగడదుంప కేక్. ఐడియా చాలా బాగుంది, చేసిన పద్ధతి బాలేదు. రాగిపిండిని పొడిగానే తెచ్చి కలిపేశారు. నోట్లో పెట్టుకుంటే ఇసుక నమిలినట్టు, గొంతు పట్టేసింది. మా అమ్మ జావ కాచాలంటే రాగిపిండిని ముందు రాత్రే మజ్జిగలో కలిపి పెట్టేది, అది గుర్తొచ్చి ఇంటికొచ్చాక ఆ పిండిని అరగంట మజ్జిగలో నానబెట్టి, సగానికి సగం గోధుమ పిండి కలిపి చేశాను, గరుకు పోయింది. దుంపని కూడా ఆవిడ నీళ్లలో ఉడికించారు. అలా చేస్తే నీళ్లు పీల్చుకుని చప్పబడిపోతుంది. తొక్కతోనే ఓవెన్లో నిదానంగా కాలిస్తే లోపలి పిండిపదార్థం కొంత తీపిగా మారుతుంది, బెల్లం నాలుగో వంతు తగ్గించినా సరిపోయింది. శివరాత్రికి మార్కెట్లో మోరంగడ్డ, అదే చిలగడదుంప, కుప్పలుగా వస్తుంది కదా, అప్పుడు చేస్తే ఇంకా బాగుంటుందేమో.

ఆ కేక్‌లోనే పంటి కింద కరకరమని ఏదో తగిలింది. రాగి గరుకు అనుకున్నాను, కాదు, బెల్లంలో ఇసుక. ప్యాకెట్ బెల్లం పొడిని అలాగే కుమ్మరించారు! అరిసెల పాకం పట్టే ఏ ఇంట్లోనైనా బెల్లం కరిగించి వడకట్టకుండా వాడతారా? కాసిన్ని నీళ్లలో కరిగించి వడకడితే ఐదు నిమిషాల పని.

బీట్‌రూట్ మఫిన్లు కలిపినప్పుడు గులాబీ రంగు, ఓవెన్లోంచి వచ్చాక ఇటుక రంగు, రుచికి చెప్పడానికేమీ లేదు. జొన్న నువ్వుల బిస్కెట్లు బాగున్నాయి, డబ్బాలో వారం నిలవున్నాయి.

ఇక బోర్డు సంగతి. క్లాస్‌లో ఒకాయన, వాళ్లమ్మగారికి షుగర్ ఉందట, ఇవి పెట్టొచ్చా అని అడిగారు. “బెల్లమే కదండీ, ఎంతైనా తినొచ్చు” అనేశారు ఆవిడ. అక్కడ నేను ఊరుకోలేకపోయాను. బెల్లంలో కూడా ఎక్కువ భాగం ఉండేది పంచదారలో ఉండే చక్కెరే, క్యాలరీలూ కాస్త అటూ ఇటూగా అంతే. కొంచెం ఐరన్ ఉంటుంది, నిజమే, కానీ ఒక బ్రౌనీ ముక్కలో వచ్చే బెల్లంతో వచ్చే ఐరన్ ఎంత? ఖర్జూరం వేసినా ఒంట్లోకి వెళ్లేది చక్కెరే. మైదా తీసేసి రాగులూ పప్పులూ వేస్తే పీచు, ప్రొటీన్ పెరుగుతాయి, రాగుల్లో కాల్షియం బాగా ఉంటుంది, అంతవరకు ఒప్పుకుంటాను. పంచదార లేదని బోర్డు మీద రాసి, ట్రేకి పావు కిలో బెల్లం వేయడం మాత్రం జనాన్ని తప్పుదారి పట్టించడమే. నేను ఇది అన్నాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు, తర్వాత ఆవిడ టీ ఇచ్చారు, పంచదార వేసిన టీ.

చేతికిచ్చిన కాగితంలో అన్నీ కప్పుల లెక్కే, ఒక్క గ్రాము లేదు. ‘రాజ్మా ఒక కప్పు’ అని ఉంది. ఇంట్లో నేను ఒక కప్పు పచ్చి గింజలు నానబెట్టి ఉడికించాను, అవి రెండున్నర కప్పులయ్యాయి, మొత్తం వేసేశాను. వచ్చింది బ్రౌనీ కాదు, రాజ్మా హల్వా, అదీ తీపి లేనిది. వాట్సాప్‌లో అడిగితే నీలం టిక్కులు వెంటనే పడ్డాయి, జవాబు రెండు రోజులకి వచ్చింది: ఉడికినవి ఒక కప్పు.

రెండోసారి తూకం వేసుకుని చేశాను, కుదిరింది. ఉడికిన రాజ్మా 250 గ్రాములు, గుడ్లు మూడు, నూనె 45 గ్రాములు, కోకో 30, కరిగించి వడకట్టిన బెల్లం 120, బేకింగ్ పౌడర్ అర చెంచా, కాఫీ పొడి అర చెంచా, చిటికెడు ఉప్పు. 175 డిగ్రీల దగ్గర పాతిక నిమిషాలు. రాజ్మా రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కుక్కర్లో వేలితో నొక్కితే మెదిగిపోయేదాకా ఉడికించండి. సగం ఉడికిన రాజ్మా రుచి సంగతి అటుంచి, వాంతులు తెప్పిస్తుంది, కాబట్టి ఇక్కడ మాత్రం తొందర పడొద్దు. 16 ముక్కలు కోశాను.

మా మావయ్యగారికి షుగర్. ప్లేటు చూసి, “ఇందులో బెల్లం ఎంత వేశావమ్మా?” అని అడిగారు. ముక్కకి ఏడున్నర గ్రాములు మావయ్యగారూ అన్నాను. “అయితే ఒకటివ్వు, టీలో పంచదార మానేస్తాలే” అన్నారు. ఒకటి తిన్నారు. టీ మాత్రం మామూలుగానే తాగారు.

ఓవెన్ ఎప్పుడూ ముట్టుకోని వాళ్లయితే ఈ క్లాస్‌కి వెళ్లొచ్చు, ట్రే ఎక్కడ పెట్టాలి, ముందుగా ఎంతసేపు వేడెక్కించాలి, అవన్నీ ఆవిడ ఓపిగ్గా చెప్తారు, విసుక్కోరు. ఇప్పటికే కేక్ చేసే వాళ్లకి అంత డబ్బు దండగ, వంటింటి తూకం ఒకటి కొనుక్కోండి. చివర్లో సర్టిఫికెట్ కూడా ఇచ్చారు, మా వాడు దాన్ని ఫ్రిజ్ మీద అంటించాడు. దాని కిందే ఆవిడ ఇచ్చిన కాగితం ఉంది, ‘ఒక కప్పు’ పక్కన నేను పెన్నుతో ‘ఉడికినవి’ అని రాసి రెండు గీతలు గీసి పెట్టాను.