గుయ్ మనే ఆంపా, సుయ్ మనే ఆంపా: ఇంట్లో బేస్‌కి ఏది మేలు?

"ఇంట్లో బేస్ గిటార్ వాయించుకోవడానికి ఏ ఆంప్ (ఆంప్లిఫయర్) కొనాలి? దేనికి రొద తక్కువ?" అని అడిగేవాళ్ళు ఈమధ్య బాగా పెరిగారు. చర్చిలో వాయించేవాళ్ళు, కాలేజీ బ్యాండ్ల పిల్లలు, రాత్రి పదింటికి గానీ తీరిక దొరకని ఉద్యోగులు, అందరిదీ ఇదే ప్రశ్న. వాట్లూ ధరలూ చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి నేను రొద సంగతే రాస్తాను. స్టేజీ మీద డ్రమ్స్ మోతలో ఎవరి చెవినా పడని శబ్దం, పడకగదిలో మూడడుగుల దూరం నుంచి గంటలకొద్దీ వినాల్సి వస్తుంది.

రొద ఎంత ఉందని అందరూ చూస్తారు. అది ఏ శ్రుతిలో ఉందన్నదే నా లెక్కలో అసలు విషయం. మన కరెంటు 50 హెర్ట్జ్. ఆంప్ లోపలి పవర్ సప్లై దాన్ని డీసీగా మార్చాక కూడా వదలని అల 100 హెర్ట్జ్. బేస్ మీద 'జి' తీగను ఏ ఫ్రెట్టూ (తీగల కింద ఉండే మెట్టు) నొక్కకుండా మీటితే వచ్చేది 98. 'ఇ' తీగ మీద మూడో ఫ్రెట్ నొక్కితే 49. అంటే మన దేశంలో గుయ్ మనే హమ్, 'జి' స్వరానికి మూడో వంతు సెమిటోన్ (పక్కపక్క ఫ్రెట్ల మధ్య ఉండే తేడా) పైన నిలబడి ఆగకుండా మోగుతుంది. 'జి'లో పాట సాధన చేస్తుంటే, శ్రుతి కలవని తంబురాను పక్కన పెట్టుకున్నట్టే. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి కరెంటు 60 హెర్ట్జ్ కనుక అక్కడ అది బి ఫ్లాట్‌కీ 'బి'కీ మధ్య పడుతుంది. బాధ ఒకటే, స్వరం వేరు. ఫ్రెట్లు లేని ఫ్రెట్‌లెస్ బేస్ వాయించేవాళ్ళు దీన్ని మరీ పట్టించుకోవాలి, ఎందుకంటే వేలు ఎక్కడ ఆనాలో చెప్పేది చెవే. పక్కనే తప్పుడు శ్రుతి మోగుతుంటే వేలు దానివైపు జరుగుతుంది.

సుయ్ మనే హిస్ పద్ధతి వేరు. మన చెవికి 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య సూక్ష్మత ఎక్కువ కాబట్టి, ఆంప్ ఆన్ చేయగానే హిస్సే పెద్దగా అనిపిస్తుంది. షాపులో చాలామంది దాన్ని విని వెనక్కి తగ్గుతారు. కానీ బేస్ స్వరాల మూలం అక్కడ ఉండదు. పైగా ఆ హిస్‌లో ఎక్కువ భాగం ట్వీటర్‌లోంచే, అంటే సన్నని పై శబ్దాలు పలికే చిన్న స్పీకర్‌లోంచే, వస్తుంది. ట్వీటర్ ఆపేస్తే స్లాప్‌లో (తీగను బొటనవేలితో కొట్టి వాయించడం) చురుకు కొంత తగ్గుతుందేమో గానీ, వేళ్ళతో వాయించేవాడికి పోయేది దాదాపు ఏమీ లేదు.

ఇప్పుడు ఆంప్‌ల సంగతికి వద్దాం.

వాల్వ్ ఆంప్, అంటే గాజు ట్యూబులతో పనిచేసేది, దాని ధ్వని నాకు ప్రాణం. 1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్‌వీటీ 300 వాట్లతో, పది అంగుళాల స్పీకర్లు ఎనిమిది ఉన్న క్యాబినెట్‌తో నిలబడితే, ఆ ధ్వనికి సాటి వచ్చేది ఇంకా నేను వినలేదు. అయితే హెడ్ (స్పీకర్ లేని ఆంప్ డబ్బా) ఒక్కటే 30 కిలోలకు పైన ఉంటుంది, లోపల ఫ్యాన్ కూడా తిరుగుతుంటుంది. చిన్న వాల్వ్ ఆంప్‌లకు ఆ బరువు లేకపోయినా హమ్ మాత్రం తప్పదు. వాల్వ్ హీటర్లకు ఏసీ ఇస్తే 50 హెర్ట్జ్, పవర్ సప్లై నుంచి 100 హెర్ట్జ్, ఏళ్ళు గడిచేకొద్దీ ఆ అలను చదును చేసే ఫిల్టర్ కెపాసిటర్లు నీరసించి ఆ రెండోది ఇంకా పెరగడం. అన్నీ బేస్ స్వరాలుండే చోటే వచ్చి చేరతాయి. స్టూడియోకి సరే, రాత్రి సాధనకి నేను సలహా ఇవ్వను.

పాత పద్ధతి ట్రాన్సిస్టర్ ఆంప్, అంటే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్, వెనక రెక్కల హీట్ సింక్ ఉన్నది, చాలామంది అనుకునేదాని కంటే మంచిది. ఫ్యాన్ లేనివి దొరుకుతాయి. సెకండ్ హ్యాండ్‌లో చవక. మంచి స్థితిలో ఉంటే హమ్ వినీ వినబడనట్టు ఉంటుంది. దీనికి మన దగ్గరొచ్చే ఇబ్బంది ఇన్వర్టర్. కరెంటు పోయి స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అందుకోగానే సీలింగ్ ఫ్యాన్ ఎలా గుయ్ మంటుందో, ట్రాన్స్‌ఫార్మర్ కూడా అలాగే అందుకుంటుంది. అది స్పీకర్‌లోంచి కాదు, డబ్బాలోంచే వస్తుంది కాబట్టి ఏ నాబ్ తిప్పినా తగ్గదు.

క్లాస్-డి మీదే, అంటే కరెంటును చాలా వేగంగా ఆన్-ఆఫ్ చేస్తూ ధ్వనిని పెంచే చిన్న, తేలిక ఆంప్ మీదే, నా మొగ్గు. ఇంట్లో నేను వాడుతున్నదీ ట్వీటర్‌కి స్విచ్ ఉన్న క్లాస్-డి సెట్టే. వీటిలో సాధారణంగా ఉండే స్విచింగ్ పవర్ సప్లై లక్ష హెర్ట్జ్‌కు అటూ ఇటూ పనిచేస్తుంది గనుక ఆ శబ్దం చెవికి అందదు. వచ్చిన కరెంటును ముందే డీసీ చేసుకుంటుంది గనుక ఇన్వర్టర్ అల ఎలా ఉన్నా పెద్దగా చలించదు. మిగిలేది హిస్. దాని మందు పైన చెప్పాను.

దీన్లో చూసుకోవాల్సింది ఫ్యాన్. క్లాస్-డి తక్కువ వేడెక్కుతుంది, నిజమే. కానీ డబ్బా అరచేతి కంటే కాస్త పెద్దది కావడంతో చాలా కంపెనీలు చిన్న ఫ్యాన్ పెడతాయి, చిన్న ఫ్యాన్ వేగంగా తిరగాలి, వేగంగా తిరిగితే ఈలే. వేడెక్కినప్పుడే తిరిగేదో, అసలు ఫ్యాన్ లేనిదో అయితే కళ్ళు మూసుకుని తీసుకోండి. ఆన్ చేసిన క్షణం నుంచీ తిరిగేదైతే, ఎంత మంచి టోన్ ఉన్నా పడకగదికి వద్దు. ఇంకోటి, సున్నితత్వం ఎక్కువున్న క్యాబినెట్ రొదను కూడా పెంచే వినిపిస్తుంది. ఇంటికి ఒక్క స్పీకర్ చాలు.

అమెరికా నుంచి ఎవరిచేతనైనా తెప్పించుకుంటుంటే వెనక లేబుల్ చూడండి. 120 వోల్టులకే పనికొచ్చేదైతే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అంటే గుయ్ మనడానికి ఇంకో డబ్బా.

హెడ్‌ఫోన్ ఆంప్, ఆడియో ఇంటర్‌ఫేస్ (బేస్‌ని కంప్యూటర్‌కి కలిపే డబ్బా): పక్కింటివాళ్ళకు హాయి, చెవులకు అలసట. వేరే దారి లేకపోతే మంచిదే.

ఏది కొన్నా, ఉన్నదాన్ని తప్పుపట్టే ముందు ఇలా చూడండి. బేస్ నుంచి వచ్చే కేబుల్ జాక్‌ని ఆంప్‌లోంచి పూర్తిగా తీసేయండి. అప్పుడు కూడా ఉన్నది ఆంప్ సొంత రొద. మాస్టర్ వాల్యూమ్ సున్నా చేసినా హమ్ తగ్గకపోతే పవర్ విభాగాన్ని చూపించాలి. బేస్ తగిలించి వాల్యూమ్ పెంచాకే వస్తే అది పికప్‌లది (తీగల కదలికను పట్టే అయస్కాంతపు తీగచుట్టలు). జాజ్ బేస్ తరహా వాటిలో రెండు పికప్‌ల వాల్యూమూ పూర్తిగా తెరిస్తే సాధారణంగా పోతుంది. ప్రెసిషన్ బేస్‌కి 1957 నుంచే హమ్‌ను తగ్గించేలా రెండు ముక్కలుగా చీల్చిన పికప్ ఉంది కనుక ఆ బాధ తక్కువ. గదిలో మెట్లు లేకుండా తిరిగే డిమ్మర్ ఉంటే ఆపి చూడండి. లాప్‌టాప్‌లో ట్రాక్ పెట్టుకుని వాయిస్తుంటే చార్జర్ పీకి చూడండి. పది ఆంప్‌లలో లేని బజ్ కూడా ఆ ఒక్క తీగతో వస్తుంది.

రొద పోతుందని ఎర్త్ పిన్ తీసేసిన ప్లగ్గుతో మాత్రం వాయించవద్దు. లోపం వచ్చిన రోజు ఆ కరెంటు వెళ్ళడానికి మిగిలే దారి తీగల మీదున్న మీ చేతులే. గోడలోని సాకెట్‌కి ఎర్తింగ్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఆంప్ కొనే ముందే ఆ పని అయిపోతే ఇంకా మంచిది.